ఉల్లి గోడౌనులో రువాండా కాఫీ

రువాండా చిన్నరైతుల కాఫీకి ఉల్లివాసన ఉంటుందని మా వర్తకంలో కొందరు ఇప్పటికీ అంటారు. ఆ మాట పుట్టించింది నేనే. వాసన ఎక్కడిదో తెలిసి కూడా అప్పట్లో చెప్పలేదు.

కరోనా సద్దుమణిగిన ఏడాది ఏలూరులో కాఫీ గింజలు వేయించే ఒక కంపెనీలో నాణ్యతాధికారిగా చేరాను. ఇటీవలే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. రువాండాలో ఇంటి వెనక కాస్త తోట ఉన్న ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. దళారులు లేకుండా, గిట్టుబాటు ధరకి వాళ్ల దగ్గర కొని, ప్యాకెట్టు మీద ఆ సంఘం పేరే వేసేవాళ్లం. రుచి పరీక్షలో సరుకు తప్పితే మాత్రం మరుసటి పంట కొనం.

ఆ ఏడు సరుకు దిగేసరికి మా గోడౌను నిండిపోయింది. కంపెనీని అడగకుండానే బస్తాలు తాడేపల్లిగూడెం తోలించాను. అక్కడ మా ఆవిడ అన్నగారిది ఉల్లిపాయల వ్యాపారం. పచ్చి కాఫీ గింజ పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది కాబట్టి, ఉల్లివాసన పట్టదు కదా అని ఆయన్ని అడిగాను.

"వాసనేంటండీ బావగారూ? పుట్టి పెరిగింది ఇక్కడే. నాకెప్పుడూ రాలేదు" అన్నారు.

నమ్మాను.

రుచి పరీక్షంటే గింజల్ని దోరగా వేయించి, పొడి మీద వేడినీళ్లు పోసి, చెంచాతో జుర్రున పీల్చడం. నా సహాయకురాలు సత్యవతి ఒక్క చెంచా పీల్చి ఆగిపోయింది.

"ఏవండీ సార్, పెసరట్టు వాసనొస్తోందండీ."

"అల్లప్పచ్చడొక్కటే తక్కువండీ" అన్నాడు గింజలు వేయించే రాంబాబు.

నేనూ నవ్వాను. పండు తోలు తీసిన గింజల్ని జిగురు వదలడానికి తొట్టెలో నానబెడతారు. ఎక్కువసేపు నానితే ఉల్లివాసన వస్తుందని మా వృత్తిలో పాఠం. అదే నివేదికలో రాసి సంఘానికీ, ఆ కాఫీ కొనే తోటి వర్తకులకీ పంపాను. సాయంత్రం, సరుకు దిగిన రోజు ఆఫీసులో తీసిపెట్టుకున్న నమూనా కాచి చూశాను. కమలాపండులా ఉంది. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు.

వారం తిరక్కుండా సంఘం కార్యదర్శి దేవోతా వీడియో కాల్ చేసింది. నిష్ఠూరమాడలేదు. ఎంతసేపు నానబెట్టాలని అడిగింది. పాత తొట్టె పగలగొట్టి, సంఘం దాచుకున్న డబ్బుతో కొత్తది కట్టించబోతున్నామంది. వెనకాల మేస్త్రీ కొలతలు తీస్తున్నాడు. పని మొదలుపెట్టొద్దని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను.

రెండు నమూనాలూ కాచి జనరల్ మేనేజర్ గారి ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన మెమో ఇచ్చారు, నివేదిక రద్దు చేశారు, సంఘాన్ని ఉంచారు. బస్తాలు మా క్యాంటీనుకే వచ్చాయి. చాలాకాలం పెసరట్టు కాఫీయే తాగాం.

లోపం కనబడితే మన గుమ్మం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెతకాలి. రైతు తొట్టె ఆఖరున వస్తుంది.

మేనేజర్ గారికి చెప్పిన సాయంత్రమే దేవోతాకి ఫోన్ చేశాను. "ఉల్లిపాయల పక్కన పెట్టారా?" అని రెండుసార్లు అడిగి, వాళ్ల భాషలో తక్కినవాళ్లకి చెప్పింది. అందరూ ఒకటే నవ్వు. అది ఆగేదాకా ఆగి, "మీ తొట్టెలో తప్పు లేదమ్మా. తప్పు నాది, దాచిందీ నేనే. మీరందరూ నన్ను క్షమించాలి" అన్నాను.