జత కుదరని ప్రాసెసర్లు

కంప్యూటరు కొనకముందే దానికి బోర్డు రాయించిన ఘనుడు మా బత్తలపల్లెలో నేనొక్కణ్ణే. ‘ఇచ్చట రెండు ప్రాసెసర్ల కంప్యూటరుపై పట్టుచీరల డిజైన్లు వేయబడును’ అని పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు. ప్రాసెసర్ అంటే ఏమిటో రాసిన పెయింటరుకు తెలియదు, చదివేవాళ్ళకూ తెలియదు. నాకు తెలుసని మాత్రం నాకు గట్టి నమ్మకం.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త. అంతవరకు గళ్ళ కాగితం మీద పెన్సిలుతో చీర అంచులు, కొంగులు గీసి బతికేవాణ్ణి. గడికో చుక్క పెట్టుకుంటూ ఒక కొంగు పూర్తిచేసేసరికి మెడ పట్టేసేది. ధర్మవరంలో ఒకరిద్దరు కంప్యూటర్లు తెచ్చి, నేను పది రోజులు గీసేది రెండు రోజుల్లో ఇచ్చేస్తుంటే నాకు కడుపు మండింది. వాళ్ళకు ఒక్క ప్రాసెసరే కదా, నాకు రెండుండాలి అనుకున్నాను. ఎక్కడిదో ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదించి, సగం అర్థమై సగం కాక, రెండు ప్రాసెసర్ల యంత్రం గురించి ఊళ్ళో అందరికీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. అనంతపురంలో కంప్యూటరు నేర్పే సారు ఒకాయన ఉండేవాడు. చెప్పులు విప్పితేగానీ గదిలోకి రానిచ్చేవాడు కాదు. ఆయన్ని అడిగితే, ‘రెండుంటే మంచిదే, ఒకదానికి వైరస్ పట్టినా ఇంకోటి పనిచేస్తుంది’ అన్నాడు. ఆ మాట కూడా భక్తిగా రాసుకున్నాను.

డబ్బు మా చిన్నాయనది. మా నాయనకు తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. వరుసగా వానల్లేక, మేత దొరక్క, తన జత ఎద్దుల్ని సంతలో అమ్ముకున్నాడు. అమ్మి వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. నా కన్ను ఆ డబ్బు మీద పడింది.

“మిషన్ వచ్చినంక ఆర్డర్లే ఆర్డర్లు. మళ్ళా వాన పడేలోగా నీకు దాండ్లకంటే మంచి జత కొనిస్తా చిన్నాయనా” అన్నాను.

ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. “కొనేటప్పుడు నేనూ వస్తా. జత కదప్పా, చూసి తెచ్చుకోవల్ల.”

అలా ఇద్దరం బెంగళూరు బస్సెక్కాం. నా జేబులో చీటీ ఉంది: రెండు ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డు, మెమరీ, హార్డ్ డిస్కు, ఇన్నింటికీ కరెంటు చాలేంత సప్లయి పెట్టె. అంగట్లోకి పోగానే చీటీ మరిచిపోయాను. పక్కన అద్దం ఉండి, లోపల నీలం దీపం వెలిగే కేబినెట్ ఒకటి కనిపించింది. అన్నింటికంటే ముందు దాన్ని ఖాయం చేశాను.

“గంగడోలు చూసి ఎద్దును కొంటాండావేమప్పా” అన్నాడు చిన్నాయన. విననట్టు నటించాను.

కేబినెట్ చాలా మింగేసింది. చివరికి ప్రాసెసర్ల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు పలచబడింది. అప్పట్లో అవి పాటల క్యాసెట్టంత నల్ల డబ్బాల్లో వచ్చేవి. అంగడాయన ఒక కొత్త రకానిది, ఒక పాత రకానిది తెచ్చి పెట్టాడు. రెండూ కొత్తవే తీసుకుంటే డబ్బు చాలదు. “ఒకటి పాత స్టాకు సార్, అంతే. రెండిటికీ స్పీడు ఒకటే” అన్నాడు. స్పీడు ఒకటైతే ఇంకేం కావాలి అనుకున్నాను. నేను చదివిన పత్రికలో అంతకు మించి ఏమైనా రాసి ఉంటే అది నాకు అర్థంకాని సగంలో ఉండి ఉంటుంది.

చిన్నాయన రెండింటినీ చెరో అరచేతిలో పెట్టుకుని తూచాడు. తిప్పి చూశాడు. చదువు రాదు గానీ, సంతలో ఎద్దుల పండ్లు చూసి, సుడులు చూసి, ముద్రలు చూసి నలభై ఏళ్ళు గడిపిన కళ్ళవి.

“ఇవి ఒక ఈడువి కావప్పా. దీని బరువు వేరే, దాని బరువు వేరే. ఈ ముద్ర దీనికుండాది, దానికి లేదు.”

“స్పీడు ఒకటే పెద్దాయనా” అన్నాడు అంగడాయన.

“నడక ఒకటైతే చాల్నా? ఈడు కుదరకుంటే కాడి కింద ఒగటి లాగుతాది, ఒగటి నిలబడుకుంటాది. ఇంగో జత తీయి” అని, భుజం మీది తువ్వాలు చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి అంగడాయన ముందుకు చాచాడు. ఎద్దుల బేరమంటే మావైపు అంతే, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. పక్కవాళ్ళకు ధర తెలియకూడదు. ఆయన చాచింది ఎందుకో తెలియక అంగడాయన బిక్కమొగం వేశాడు. లోపల పనిచేసేవాళ్ళు పకపకా నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. “చిన్నాయనా, ఇవి నీ ఎద్దులు కావు. తెలీని దాంట్లో నోరు పెట్టి పరువు తీయొద్దు” అన్నాను, అందరికీ వినబడేలాగా.

ఆయన తువ్వాలు మడిచి మళ్ళీ భుజాన వేసుకుని, బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఆ రెండింటికే డబ్బు కట్టేశాను.

ఇంటికి తెచ్చి, సొంతంగా బిగించి, కేబినెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, వాకిట్లో సగం ఊరు నిలబడి ఉండగా స్విచ్చి నొక్కాను. నీలం దీపం దివ్యంగా వెలిగింది. తెర మీద మాత్రం ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి నిలిచింది. రెండో ప్రాసెసర్ మొదటిదానితో సరిపోలడం లేదు, దాన్ని పక్కన పెట్టి ఒక్కదానితోనే నడుపుతున్నాను అని దాని భావం. అక్కడున్నవాళ్ళలో దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

“ఏమంటాది?” గడప అవతలి నుంచి అడిగాడు చిన్నాయన.

“రెండూ బాగుండాయంటాది” అన్నాను.

మర్నాడు పోయి ఫోన్ బూత్ నుంచి అంగడికి మాట్లాడాను. విప్పిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. పైగా, “మీ పెద్దాయన చెప్పినాడు కదా సార్” అన్నాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎన్నడూ చెప్పుతో కొట్టలేదు.

ఒక్క ప్రాసెసర్‌తోనే పని సాగింది. ధర్మవరం వాళ్ళ యంత్రాలకంటే వేగం ఏమీ లేదు, అయినా బోర్డు చూసి ఆర్డర్లు వచ్చాయి. బోర్డులో ఉన్న అబద్ధం నాకు అన్నం పెట్టింది. చిన్నాయన రోజూ చెప్పులు విప్పి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, ఆ ఫ్యాన్ల హోరు వింటూ తృప్తిగా తలూపేవాడు. టీ అంగట్లో పదిమందికి చెప్పేవాడట, “నేనేమో అనుకుంటి గానీ, రెండూ సమంగా లాగుతాండాయి” అని. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ణి. చచ్చి, మళ్ళీ పనిలో పడేవాణ్ణి.

ఏడాది తిరిగి మృగశిర కార్తె దగ్గరపడేసరికి నా చేతిలో కాస్త డబ్బు చేరింది. ఎద్దుల జత అన్నా కొనొచ్చు, కుదిరిన ప్రాసెసర్ అన్నా తేవచ్చు. రెండింటికీ చాలదు. నేను చాలా తెలివిగా ఆలోచించాను. ముందు ప్రాసెసర్ తెస్తే పని రెట్టింపవుతుంది, ఎద్దులు ఇంకా తొందరగా వస్తాయి. మా అనంతపురం జిల్లాలో వాన చెప్పిన రోజుకు వచ్చిందెప్పుడు గనక? ఈ ఏడూ రాదని ధీమాగా బెంగళూరు పోయాను.

తిరిగొచ్చిన పొద్దు బస్సు దిగితే కాలు బురదలో దిగబడింది. ముందురోజే దంచి కొట్టిందట. అన్నేళ్ళలో అంత వాన లేదు. చిన్నాయన అరుగు మీద వేరుశనగ విత్తనాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన మొహం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు.

“వచ్చినావా! యాడ చూసినావు జత? నేలలో పదును మూడు దినాలు నిలిస్తే గొప్ప. ఈపొద్దే పోదాం పా” అని లేచాడు. అంతలో నా చేతిలోని పెట్టె చూశాడు. “ఏందది?”

చెప్పాను. అంతా చెప్పాల్సి వచ్చింది.

“అంటే ఇన్నాళ్ళూ ఒంటెద్దుతోనే దున్నినావా?”

“ఊఁ.”

“రెండూ బాగుండాయంటివే. ఊర్లో అందరికీ నేను అదే చెప్పుకుంటి గదరా.”

చిన్నాయన వెంటనే లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఎద్దులున్న ప్రతి ఇంటికీ పోయి బాడుగకు అడిగాడు. ఎవరి చేలు వాళ్ళకు తొందర, తప్పేం కాదు. ఆయన వంతు ఐదో రోజుకు వచ్చింది. అప్పటికి తేమ ఆరి, విత్తే గొర్రు నేలలో దిగలేదు. అదను దాటేలోగా మరో వాన రాలేదు, విత్తనాలను మళ్ళీ మూటగట్టి ఇంట్లో పెట్టాడు.

కొత్త ప్రాసెసర్ చక్కగా జత కుదిరింది. ఆ ఏడు బత్తలపల్లె చుట్టూ అందరి చెనిక్కాయ చేలూ పచ్చగా లేచాయి. మా చేను ఒక్కటే బీడు. అది రోడ్డు పక్కనే కావడంతో, ధర్మవరం బస్సుల్లో పోయేవాళ్ళు కూడా అది ఎవరిదని అడిగి తెలుసుకునేవాళ్ళు.