స్క్రీన్ మీద ఆమె ఫోటో

నేను పనిచేసిన ఆ స్కూల్ స్టాఫ్ రూమ్ గుర్తొస్తే ఇప్పటికీ ముందు నాకు కోపమే వస్తుంది. సిగ్గు ఆ తర్వాత వస్తుంది. రెండూ చెప్పాలి కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మారేడ్‌పల్లిలోని ఒక ప్రైవేటు స్కూల్లో నేను కంప్యూటర్ టీచర్ని. రోజూ మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. పేరుకు టీచర్నే గానీ, ప్రిన్సిపాల్ గదిలో ప్రింటర్ మొరాయిస్తే నేనే, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కకపోతే నేనే, స్కూల్ పేజీలో ఫోటోలు పెట్టాలన్నా నేనే. పనైపోతే మాత్రం నా ఊసు ఎవరికీ పట్టేది కాదు.

ఒకరోజు ప్రిన్సిపాల్ సార్ పిలిచి తన ఫోన్ నా ముందు పెట్టారు. మా సైన్స్ టీచర్ తన తమ్ముడి బరాత్‌లో డాన్స్ చేస్తున్న వీడియో అది. ఆమెకు పాతికేళ్లుంటాయేమో. ఆ వీడియో ఆమె తన అకౌంట్‌లోనే పెట్టుకుంది. ఫ్రెండ్స్ లిస్టులో ఉన్న ఒక పిల్లాడి తల్లి దాన్ని తీసి పేరెంట్స్ గ్రూపులో పడేసింది. కింద, "మన పిల్లలకు పాఠాలు చెప్పే మేడమ్ గారు" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టింది.

సార్‌ది గుంటూరు వైపు. కోపం వచ్చినా గొంతు పెరగదు. "చూశారా అండీ? రేపు ఇంకొకరిది వస్తుంది. సోషల్ మీడియా ఎలా వాడాలో మనవాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి. శనివారం క్లాసు పెట్టండి. అలాగే ఎవరికి ఏయే అకౌంట్లు ఉన్నాయో రాయించి నాకు ఒక లిస్టు ఇవ్వండి."

"లిస్టు ఎందుకు సార్?"

"సేఫ్టీ కోసమండీ" అన్నారు, తలెత్తకుండానే.

ఆ జవాబు నాకు నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాను. నాకు ఏదో తెలుసని ఆ స్కూల్లో ఒకరు గుర్తించడం అదే మొదటిసారి. ఆ సంబరంలో లిస్టు సంగతి పక్కకు పోయింది.

శనివారం ఒంటిపూట. పిల్లలు వెళ్లిపోయాక ఇరవై మంది టీచర్లను ప్రొజెక్టర్ గదిలో కూర్చోబెట్టారు. ఇంటికి వెళ్లాల్సిన వాళ్లను ఆపితే ముఖాలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. లెక్కల సార్ చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నారు. తెలుగు టీచర్ వెనక బెంచీలో నోటు పుస్తకాలు దిద్దుకుంటోంది. ఆ స్కూల్లో అందరికంటే పాత మనిషి ఆమే. మౌలాలిలో ఉంటుంది, ప్రిన్సిపాల్ కూడా ఆమెతో ఆచితూచి మాట్లాడతారు.

పాస్‌వర్డ్ గురించి చెప్పాను. ఫ్రెండ్ రిక్వెస్టుల గురించి చెప్పాను. ఒక్కరూ తలెత్తలేదు. నాకు ఒళ్లు మండింది. తర్వాతి స్లైడ్ నొక్కాను. గోడ నిండా సైన్స్ టీచర్ ఫోటో.

ఆవేశంలో చేసింది కాదు అది. ముందురోజే ఆ వీడియోలోంచి ఫోటో తీసి పెట్టుకున్నాను. ముఖం కప్పాలన్న ఆలోచన కూడా వచ్చింది. కప్పితే ఎవరో తెలియదు, తెలియకపోతే వీళ్లకు బుద్ధి రాదు అనుకుని వదిలేశాను. ఆ మనిషి రెండో వరుసలో కూర్చుని ఉంటుందని నాకు తెలుసు.

ఆమె లేచి నిలబడింది. "ఆ ఫోటో మీకెవరిచ్చిన్రు?"

"గ్రూపులో ఉన్నదే కదా" అన్నాను.

"గ్రూపుల ఏసినామెకు, నీకు ఫరక్ ఏందీ?" ఒక్క క్షణంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

తెలుగు టీచర్ ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. "ఫోటోలు ఎట్ల కాపాడుకోవాల్నో చెప్తా అని పిలిచి, ఆ పిల్ల ఫోటోనే గోడకు ఎక్కిస్తివి. అయిపోయింది నీ క్లాసు. లేవుండ్రి అందరు."

అందరూ లేచారు. లెక్కల సార్ కూడా కళ్లు తెరిచి లేచారు.

సోమవారం నా కుర్చీలో పుస్తకాల దొంతర ఉంది. నేను అడిగినా ఎవరూ తీయలేదు. అదే రోజు సార్ సర్క్యులర్ పంపారు: అందరూ తమ అకౌంట్ల వివరాలు ఫారంలో నింపి కంప్యూటర్ టీచర్‌కు ఇవ్వవలెను. ఇక నేను వాళ్లకు పూర్తిగా పోలీసునైపోయాను. లోపలికి అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. బల్లల మీద ఫోన్లు బోర్లా పడేవి. "సీఐడీ వచ్చింది, జెర సదురుకోండ్రి" అని ఒకామె నాకు వినబడేలాగే అనేది.

నేనూ తక్కువ తినలేదు. మార్కులు ఎక్కడం లేదని ఎవరైనా వస్తే, "ఆప్షన్ అక్కడే ఉంది మేడమ్, చదువుకోండి" అనేదాన్ని. ఎలా చేయాలో నాకు తెలుసు, వాళ్లు గంటసేపు తిప్పలు పడటం చూస్తూ కూర్చునేదాన్ని. అందులో నాకు హాయిగా ఉండేది.

నెలాఖరుకు సైన్స్ టీచర్ మానేసింది. చివరి రోజు తన ఫారం తెచ్చి నా బల్ల మీద పడేసింది. కాగితం ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా ఒకే గీత.

తర్వాత రెండు వారాలకు తెలుగు టీచర్ పేరుతో ఒక అకౌంట్ మొదలైంది. ఆమె ఫోటో, ఆమె పూర్తి పేరు, మా స్కూల్ పేరు. అందులోంచి పిల్లల తండ్రులకు వెకిలి మెసేజ్‌లు వెళ్లాయి. ముగ్గురు తండ్రులు సార్ దగ్గరికి వచ్చి అరిచారు. సార్ ఆమెను పిలిచి, క్షమాపణ రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందన్నారట.

ఆమె అక్కడి నుంచి నేరుగా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వంటె నాకు పడది. అది ముందుగాల్నే చెప్తున్న. కానీ ఇవన్ని తెలిసినదానివి ఈడ నువ్వొక్కదానివే. సూడు" అని, ఒక తండ్రి పంపిన స్క్రీన్‌షాట్ ఉన్న ఫోన్ బల్ల మీద పెట్టింది.

"మీ అసలు అకౌంట్ ఏది మేడమ్?"

"నాకు ఏదీ లేదు. ఇసొంటియి వద్దనే దూరమున్న. గిప్పుడు ఏమైంది?"

ఫోటో చూశాను. శాలువా కప్పుకుని, చేతిలో పూలగుత్తి పట్టుకుని నవ్వుతోంది. టీచర్స్ డే రోజు నేను తీసిన ఫోటో. పూర్తి పేరు, సబ్జెక్టు, పుట్టినరోజుతో సహా స్కూల్ పేజీలో నేనే పెట్టాను. నేను చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. మౌస్ అటూ ఇటూ కదిపాను.

"ఇది మన పేజీలోంచి తీశారు మేడమ్. పెట్టింది నేనే."

"నన్ను అడగకుండ పెట్టినవా?"

"అవును."

"అంటే ఆ పిల్ల ఫోటో ఒక్కటే కాదన్నట్టు."

"అవును మేడమ్."

కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏడుపు మొహం పెట్టకు. ఏం చెయ్యాల్నో చెప్పు."

మధ్యాహ్నమంతా ఆ పనిలోనే ఉన్నాం. ఆ అకౌంట్‌కు ఎవరూ జవాబివ్వొద్దని, మెసేజ్‌లు చెరిపేయొద్దని తండ్రులకు ఫోన్లు చేసింది ఆమె. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్లను తేదీల ప్రకారం పేర్చాను. అకౌంట్ లింకు రాసుకున్నాం. వేరొకరి పేరుతో నడుస్తున్న అకౌంటని సైట్‌కు రిపోర్టు చేశాం, పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు పెట్టాం. ఫిర్యాదు ఆమే రాసింది. నేను రాసిన మొదటి వాక్యం చదివి, "ఇది ఎవలకు సమజైతది?" అని కొట్టేసింది.

తర్వాత ఇద్దరం సార్ గదికి వెళ్లాం. ఆ ఫోటో స్కూల్ పేజీలోదని, నేనే పెట్టానని, మేడమ్‌కు అసలు అకౌంటే లేదని చెప్పాను.

సార్ కళ్లద్దాలు తీశారు. "ఈ మాట బయటికెళ్తే స్కూల్ పరువేం కావాలండీ?"

"నా పరువు పుక్కట్ల వచ్చిందా సార్?" అంది ఆమె. "మాఫీ రాయ. పొమ్మంటె పోత."

సార్ నా వైపు తిరిగారు. "మీ లిస్టు ఏదీ? ఇంతవరకు ఇవ్వలేదు."

"ఇవ్వను సార్. ఎవరి ఫారం వాళ్లకు తిరిగి ఇచ్చేస్తాను."

"అయితే పేజీ పాస్‌వర్డ్ ఇచ్చేయండి. ఇక మీకు దానితో పనిలేదు."

ఇచ్చాను. ల్యాబ్‌కు వెళ్లి, టీచర్లవీ పిల్లలవీ పేర్లతో ఉన్న ఫోటోలన్నీ తీసేసి, అప్పుడు ఇచ్చాను. రెండు రోజుల తర్వాత సార్ కనిపెట్టి మెమో చేతిలో పెట్టారు.

దొంగ అకౌంట్ వారంలోపే పోయింది. ఎవరు చేశారో ఈనాటికీ తెలియదు. ఏదైనా తెలిస్తే ఫోన్ చేస్తామన్న పోలీసులు చేయలేదు. పేరెంట్స్ గ్రూపులో సార్ ఒక్క వాక్యం పెట్టారు, ఏదో పొరపాటు జరిగిందని. ఎవరి పొరపాటో అందులో లేదు. మెసేజ్‌లు చూసి అరిచిన తండ్రుల్లో ఒక్కరూ ఆమెను క్షమించమని అడగలేదు.

నేను సైన్స్ టీచర్‌కు ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విన్నది. "మీరు సారీ చెప్పి నిమ్మలంగ ఉంటరు మేడమ్. ఆ వీడియో మా నాన్న ఆఫీసుల సుత చూసిన్రు. నాకైతే అది పోలే" అని పెట్టేసింది. నేను మళ్లీ చేయలేదు. ఆమె అన్నదాంట్లో కాదనడానికి నాకేమీ కనిపించలేదు.

ఫారాలు తిరిగి పంచిన రోజు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఒకామె తన ఫారం నా ఎదుటే చింపింది. తెలుగు టీచర్ మాత్రం, "రేపు నా క్లాస్ రూంల మళ్ల నీ క్లాసు పెట్టు, ప్రొజెక్టర్ గిట్ల వద్దు. ఎవరి ఫోను వాళ్లు తెచ్చుకుంటరు. సార్‌ను పిలుస్తలేము" అంది. అది అడగడం కాదు, ఆర్డరు.

పదకొండు మంది వచ్చారు. ఆమె ముందు బెంచీలో కూర్చుని మాట మాటకూ అడ్డుపడింది.

"అకౌంట్ ప్రైవేటు పెట్టుకుంటే ఫ్రెండ్స్‌కి తప్ప ఎవరికీ కనిపించదు" అన్నాను.

"ఆ ఫ్రెండే ఫోటో తీసి పంపితే?"

"ఆపలేం మేడమ్."

"మరి ఎవరికీ కనిపించదని ఎందుకంటున్నవ్? సక్కగ చెప్పు."

మళ్లీ చెప్పాను. పిల్లల తల్లిదండ్రులను సొంత అకౌంట్‌లో చేర్చుకోవద్దని, ఇంకొకరి ఫోటో పెట్టేముందు వాళ్లను అడగాలని, పెట్టే ప్రతీది బయటికి పోవచ్చు అనుకునే పెట్టాలని.

"గా ఆఖరుది బోర్డు మీద రాయి" అంది ఆమె.

రాశాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చూసింది. "'ప్రతీది' కాదు, 'ప్రతిదీ'. దిద్దు."

దిద్దాను. వెనక నుంచి లెక్కల సార్ చెయ్యెత్తి, పాత ఫోటోలు ఎలా తీసేయాలని అడిగారు.