బొంతలు తీసేసిన గది

మొన్న హబ్సిగూడలో మా మేనల్లుడి కొత్త ఫ్లాటుకు పోతే, తలుపు తీయగానే గోడలకు నల్ల స్పాంజి ముక్కలు అంటించిన బంక వాసన గుప్పున కొట్టింది. కింద అద్దంలా మెరిసే టైల్సు, ఎదురుగా నిలువెత్తు గాజు కిటికీ, మూలల్లోకి తోసిపెట్టిన స్పీకర్లు; ఆ గదిలో మనిషి ఒకసారి దగ్గితే రెండుసార్లు వినిపిస్తుంది. నాకు రోత పుట్టింది. నేను ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు, పాత పుస్తకాల బండ్ల మీద దొరికినవి చదివి శబ్దం సంగతి నేర్చుకున్నాను. మొదటి పాఠం మాత్రం తార్నాకలో మా నాయిన చెప్పాడు. దాన్ని నేనే పాడుచేశాను.

అరవైల చివర సంగతి. సేద్యం విడిచి పట్నం వచ్చిన మా నాయిన యూనివర్సిటీ క్యాంపస్ వడ్రంగి షెడ్డులో బెంచీలు, బ్లాక్‌బోర్డు చట్రాలు చేసేవాడు. వానలు తగ్గి, లాలాపేట్ వైపు నుంచి సీతాఫలాల గంపలు దిగే రోజుల్లో, తడిసిన చింతచెట్ల కింద గోటీలాడి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో టేకు పొట్టు వాసన, మరిగే సరేసు బంక కంపు కలగలిసి ఉండేవి. క్వార్టర్స్‌లో ఉండే కడప లెక్చరరు రికార్డు ప్లేయరుకు నాయిన స్పీకరు పెట్టె చేస్తున్నాడు. లోపల పత్తి కూరి, ఒక్క మేకు లేకుండా అతికించిన పెట్టె. బెంచీలు కాక తన పేరు చెప్పుకునేందుకు ఆయన చేసిన మొదటి వస్తువు అదే.

తీరా లెక్చరరు ఇంట్లో పాట పెడితే గది గుయ్యిమంది.

"ఏమప్పా మేస్త్రీ, బెంచీలు కొట్టేవానికి ఈ పని ఇచ్చినా చూడు, నాది బుద్ధి తక్కువ" అన్నాడు లెక్చరరు.

నాయిన నన్ను గది మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నాడు. ఒక్క చప్పట గోడ నుంచి గోడకు నాలుగుసార్లు దూకింది.

"తప్పు పెట్టెది కాదు సారూ, గదిది. నున్నటి గోడలు, కింద షాబాదు బండలు. ఖాళీ బిందెలెక్క మోగుతున్నది."

మర్నాడు మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు తెచ్చి గోడలకు వేలాడదీసి, కింద జంపఖానా పరిచి, పెట్టెను మూల నుంచి మూరెడు ముందుకు జరిపాడు. అంతే, పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. తళతళలాడాలని ఆ లెక్చరరు మహానుభావుడు రికార్డులకు పూసిన కొబ్బరినూనెను మల్లు గుడ్డతో తుడిచి, స్పీకరు కాగితానికి వాళ్లమ్మ పెట్టిన కుంకుమ బొట్టు మెల్లగా ఊది పోగొట్టాడు. చదువుకున్నవాళ్ల ఇల్లు అది!

దసరానాడు నాయిన ఉతికిన చొక్కా తొడిగి, జమ్మి ఆకు ఇవ్వడానికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. గది నిండా లెక్చరర్లు. బొంతలు వరండాలో చెప్పుల పక్కన పడి ఉన్నాయి. పెట్టె మళ్లీ మూలకు చేరింది. వచ్చినవాళ్లలో ఒకాయన మోత వస్తోందనగానే లెక్చరరు నవ్వాడు.

"మా మేస్త్రి అది గది తప్పంటాడు. గోడలకు బొంతలేసుకుంటే మర్యాదేముంటాది? వీని కొడుకునే అడగండి. ఒరే, అప్పుడు బాగుండెనా, ఇప్పుడు బాగుండాదా?"

నా చేతిలో ఆయన భార్య పెట్టిన, నెయ్యి కారుతున్న బొబ్బట్టు, వాళ్ల మాటలో ఓళిగ, ఉంది.

"ఇప్పుడే మంచిగున్నది సార్. గట్టిగ ఉన్నది."

గది గదంతా నవ్వింది. నేను అబద్ధం చెప్పలేదు, ఆ వయసుకు మోతే మంచిది. నాయిన జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి, బొంతలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"తప్పన్ననా నాయినా?" అని దారిలో అడిగాను.

"లేదు బిడ్డా. గట్టిగ ఉన్నదన్నవు. గట్టిగనే ఉన్నది."

మళ్లీ ఆయన పెట్టె చేయలేదు. బెంచీలే చేశాడు.

ఆ క్వార్టర్లు కూల్చేశారు, చింతచెట్లు పోయాయి, గదిలో నిలబడి చప్పట కొట్టి వినే మనిషి ఎక్కడా లేడు. ఫంక్షన్ హాళ్లు, డీజే బండ్లు, కిటికీలు గడగడలాడితేనే పండగ అనుకునే జనం. ఊరు ఊరంతా ఆనాటి నా జవాబే అరుస్తోంది. ఛీ అనబోతాను, ఆ ఛీ ముందు నాకే తగులుతుంది. గట్టిది వేరు, మంచిది వేరు అని తెలిసి మా నాయినతో చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి షెడ్డులో రంపం మిషన్ల మోతకు ఆయన చెవులు పోయాయి; ఆ ఒక్క ముక్క కూడా గట్టిగా అరిచే చెప్పాల్సి వచ్చింది.