ఒక రోజు ముందే వెళ్ళే యాదలక్ష్మి అత్త

మా మేనత్త యాదలక్ష్మి రేపు వెళ్ళాల్సిన చోటికి ఈరోజే ఒకసారి వెళ్ళి వస్తుంది. దవాఖాన కానీ, దావత్ కానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త చెప్పుల దుకాణం కానీ. దానికి ఆమె పెట్టుకున్న పేరు ‘ట్రయల్’.

“కొత్త జాగల అన్నీ ఒక్కసారే మీద పడితే నా తలకాయ పనిచెయ్యది. ఇయ్యాల చూసొస్తే రేపటికి సగమే కొత్త,” అంటుంది.

తుర్కయంజాల్‌లో బంధువుల పెళ్ళికీ అంతే, ముందురోజే ఫంక్షన్ హాలుకు వెళ్ళింది. స్పీకర్లకు దూరంగా ఏ కుర్చీ ఉందో వెతుకుతుంటే వంటమేస్త్రీ ఆమె చేతికి కత్తి ఇచ్చి, “ఉల్లిగడ్డలు కొయ్యమ్మా,” అన్నాడు. కొయ్యమన్నారు కాబట్టి రెండు గంపలు కోసి వచ్చింది. మర్నాడు పట్టుచీరలో పెళ్ళికూతురి పక్కన ఫొటోకు నిలబడితే, మేస్త్రీ కిందినుంచి కేకేశాడు.

“ఓ అక్కా! గీడున్నవా? జల్ది రా, టమాటలు అట్లనే ఉన్నయ్!”

మా నాన్న బాల్‌రాజ్ తల పట్టుకున్నాడు. “అక్కా, నీ ట్రయల్‌తోటి ఇజ్జత్ పోయింది.”

“ఎందుకు పోతది? సన్నగనే కోసిన గద!”

అత్త యాభయ్యో ఏట ఒక డాక్టరమ్మ ఆమెతో చాలాసేపు మాట్లాడి, ఇది ఆటిజం అంది. జబ్బు కాదు, లోకాన్ని అందుకునే తీరే వేరని చెప్పింది. ఆ క్లినిక్‌కూ ముందురోజు ట్రయల్ వేసిందని వేరే చెప్పక్కర్లేదు.

“గిన్నేండ్లు మొండిది, మొండిది అన్నరు. ఇగ ఏమంటవ్‌రా?” అని నాన్నను నిలదీసింది.

“‘అక్కా’ అంట,” అన్నాడు నాన్న, నేల చూస్తూ.

ఎం.ఏ. తెలుగు అయ్యాక ఎల్బీ నగర్‌లో ఒక కాలేజీ నుంచి నాకు డెమో క్లాసుకు పిలుపొచ్చింది. నలుగురి ముందు నోరు పెగలని నేను అప్పటికే రెండు కాలేజీల గేటుదాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఇదీ పోతే ఇక పాఠం చెప్పే ఆశే వదులుకుంటానని ఇంట్లో చెప్పేశాను.

ఆ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అత్త నా చేతిలో ఒక కాగితం పెట్టింది. విప్పి చదివాను.

“గేటు నుంచి గదికి నూట పన్నెండు అడుగులు. వాచ్‌మన్ మొఖం కోపంగుంటది, మనిషి మంచోడు. ఫ్యాను కిర్రుమంటది, బెదరకు. బోర్డుకు కుడిపక్క సుద్ద పట్టది, ఎడమ దిక్కు రాసుకో. మాట రాకుంటే కిటికీల నుంచి చూడు, జామచెట్టున్నది.”

“ఎప్పుడు పోయినవ్ అత్తా?”

“నిన్న.”

“నీకక్కడ పని లేదు కదా?”

“నీకున్నది గద, బిడ్డా!”

ఆ గంటలో జామచెట్టును రెండుసార్లు చూశాను. మూడోసారి అవసరం పడలేదు.

ఇప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. అత్తకు రేపు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. అందుకని ఇప్పుడే వెళ్ళింది.