మైకులో నా జబ్బు

నా పేరు సుజాత. మొగుడు పోయాక చందర్లపాడులో జాకెట్లు కుట్టుకుని బతికే ఒంటరి మనిషిని నేను. ఆ రోజు పెళ్ళి జాకెట్టుకు కాజాలు కుడుతుంటే దగ్గుతెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద నెత్తురు చుక్క కనబడింది. సాయంత్రాలు వచ్చే జ్వరాన్ని అలసటేలే అని సరిపెట్టుకున్నదాన్ని, అప్పుడు భయపడ్డాను.

నందిగామ ఆసుపత్రిలో కఫం తీసుకుని స్పూటమ్ టెస్ట్ చేసి, ఎక్స్‌రే తీశారు. "టీబీ అమ్మా. కోర్సు మొత్తం వాడితే తగ్గిపోద్ది. మధ్యలో మాత్రం మానొద్దు" అన్నారు డాక్టరుగారు.

ఎవరికీ అంటకూడదని చర్చికి వెళ్ళడం ఆపాను. కారణం ఎవరికీ చెప్పలేదు. నేను ఆసుపత్రికి తిరగడం మాత్రం ఊరు చూసింది. మా చర్చి మైకు ఊరంతా వినబడుతుంది. ఆ ఆదివారం మంచం మీదే ఆరాధన వింటున్నాను. స్త్రీల సమాజం పెద్ద మరియమ్మక్క ప్రార్థన అందుకుంది. "ప్రభువా, మొగుడు పోయిన మా సుజాత చాటుమాటుగా చేసిన పాపాన్ని క్షమించి, ఆ చెడ్డరోగం తీసెయ్యి తండ్రీ!" అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ నా నోటికీ ఆమేన్ వచ్చింది. ఆ తర్వాత ఏడ్చాను.

జాకెట్లు ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మందులు తెచ్చే ఆశా కార్యకర్త మా గుమ్మం ఎక్కితే ఇంకేం పుట్టిస్తారోనని ఆమెను రావద్దన్నాను. బిళ్ళలు మానేశాను. జ్వరం తిరగబెట్టింది.

"ఎవరో ఏదో అన్నారని మందు మానేస్తావా? పాడయ్యేది వాళ్ళ లంగ్స్ కాదు, నీవి" అని డాక్టరుగారు కోప్పడ్డారు.

మళ్ళీ మొదలుపెట్టాను. మరియమ్మక్క మీద కోపం మాత్రం చల్లారలేదు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళకు మా చర్చిలో మైకు ఇస్తారు. మరియమ్మక్క ఇంటి గుట్టు నాకూ తెలుసు, అదే మైకులో బయటపెడదామనిపించింది. కానీ నిందించినవాళ్ళ కోసం ప్రార్థించమన్నాడు ప్రభువు. పళ్ళు బిగబట్టి ఆమె పేరు పలికాను. తప్పు చేసినవాళ్ళతో ఒంటరిగా మాట్లాడమన్నదీ ఆయనే. మాస్కు పెట్టుకుని వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను.

"అక్కా, నాది టీబీ. మైకులో నువ్వన్నది అబద్ధం."

"అదేందే, నీకోసం ప్రార్థనేగా చేసా!"

"చేస్తూనే ఉండక్కా. జబ్బు పేరు మాత్రం సరిగ్గా చెప్పు."

ఆమె లోపలికి రమ్మనలేదు. తర్వాతి ఆదివారం మైకులో నా పేరే రాలేదు.

కోర్సు పూర్తయింది. స్పూటమ్ నెగెటివ్ వచ్చింది. చర్చికి వెళ్తున్నాను. చాప మీద నా పక్కన ఇంకా ఖాళీయే. వందనాలు కూడా దూరం నుంచే చెబుతారు. బాధగానే ఉంటుంది. మరియమ్మక్క కోసం రోజూ ప్రార్థిస్తాను. ప్రేమ ఇంకా పుట్టలేదు గాని, శాపనార్థాలు ఆగిపోయాయి.

నాలాంటివాళ్ళకు ఒక్కటే చెబుతాను. నిందకు జవాబు రేపైనా చెప్పుకోవచ్చు, చెప్పకుండా ప్రభువుకే వదిలేయనూవచ్చు. బిళ్ళ మాత్రం ఈ పూటే వేసుకోండి.