ఈస్టర్ గుడ్ల కింద ఏడో గ్రీన్

కెనడాలోని మా మానిటోబాలో గోల్ఫ్ మైదానానికి అసలు యజమాని మంచు. ఆ ఏడాది జనవరిలో వాన పడి గడ్డకట్టి, ఏడో గ్రీన్ మీద డెబ్బై రోజులు కదలకుండా కూర్చుంది. గ్రీన్ అంటే బంతిని గుంటలోకి దొర్లించే చోట ఉండే నున్నటి గడ్డి. దాన్ని ముప్పై ఏళ్లుగా సాకుతున్నవాడు నెస్టర్ హావ్రిలుక్. పెళ్లాం పుట్టినరోజు మరిచిపోతాడు గానీ, ఏడో గ్రీన్‌కి ఎరువెప్పుడు వేశాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

క్లబ్బు అధ్యక్షురాలు స్టెఫానియా, చిన్నప్పుడు అతనితో ఒకే బడిలో చదివినావిడ, తేల్చి చెప్పేసింది.

"గడ్డి బతికుందని ఈస్టర్ ముందు గురువారం అందరి ముందూ చూపించు. లేదంటే బయటి కంపెనీని పిలుస్తాం, నువ్వు తాళాలిచ్చి ఇంట్లో కూర్చో."

నెస్టర్ మంచు పగలగొట్టి ఒక గుండ్రటి గడ్డిముక్క కోసుకొచ్చాడు. ఖాళీ వెన్నడబ్బాలో పెట్టి వంటింటి కిటికీలో ఉంచాడు. వెచ్చదనానికి పచ్చబడితే ప్రాణమున్నట్టే. రెండు వారాలైనా ఎండుగడ్డి రంగే. గురువారం పొద్దున చూస్తే కిటికీలో డబ్బా పచ్చగా కళకళలాడుతోంది! వెనకాముందూ చూడకుండా చంకన పెట్టుకుని క్లబ్బుకి పరుగెత్తాడు.

అక్కడ కూర్చున్నవాళ్లంతా పొలాల్లో పుట్టి పెరిగినవాళ్లు. డబ్బా వంక ఒక్కసారే చూశారు.

"ఇది గోధుమ నారు కదయ్యా!" అంది స్టెఫానియా. "ఏడో గ్రీన్‌లో కోత ఎప్పుడో చెప్పు, మనుషుల్ని పంపిస్తాను."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. నెస్టర్ డబ్బా అక్కడే వదిలేసి ఇంటికెళ్లి భార్య ఒలేనా మీద విరుచుకుపడ్డాడు.

"ఈస్టర్ గుడ్ల కింద పరచడానికి ఏటా వెన్నడబ్బాలో గోధుమ మొలకేస్తాను కదా?" అంది ఒలేనా. " దానికి ఎండ కావాలని నీ మట్టిముద్దని పొయ్యి వెనక్కి జరిపా. నా నారేదీ?"

"క్లబ్బులో."

"వెళ్లి తీసుకురా."

"చచ్చినా వెళ్లను."

ఈస్టర్ ఆదివారం చర్చిలో దీవెన కోసం పండగ బుట్టలు వరసగా పెట్టాం. పాస్కా రొట్టె, సాసేజీ, రంగుల గుడ్లు. ఫాదర్ తీర్థం చల్లుకుంటూ వస్తున్నాడు. స్టెఫానియా పక్క బుట్టలోకి తొంగి చూసింది.

"ఒలేనా, ఇది గోధుమ కాదే?"

"నా నారుని మీ క్లబ్బు పాలు చేశాడుగా. పొయ్యి వెనక వెచ్చదనానికి ఇదొక్కటే పచ్చబడి కనబడింది."

నెస్టర్ మెడ సాచాడు. గుడ్ల కింద పొట్టిగా, సన్నగా, గుండ్రంగా పచ్చగడ్డి.

"క్రీస్తు లేచాడు!" అని పండగ పలకరింపు పలికాడు ఫాదర్.

"నిజంగా లేచాడు!" అన్నాం అందరం.

"లేచింది! నా ఏడో గ్రీన్ లేచింది!" అని కేకేశాడు నెస్టర్. అరవై దాటిన మనిషి, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"మెల్లగా ఏడువు, ఫాదర్ చూస్తున్నాడు," అంది స్టెఫానియా. "మే పోటీల దాకా గడువిస్తున్నా."

ఆ ఐదు వారాలూ అతను ఇంటిపట్టున లేడు. గడ్డి చచ్చిన చోటల్లా గింజలు చల్లాడు, పరదాలు కప్పాడు, అడుగు పెట్టబోయినవాళ్లని వావివరసలు చూడకుండా తిట్టాడు. నేను రెండుసార్లు తిట్లు తిన్నాను.

పోటీల రోజున ఏడో గ్రీన్ తెరిచారు. మొదటి దెబ్బ స్టెఫానియాదే. కర్ర పట్టుకుని వంగి, అలాగే ఆగిపోయింది. నున్నటి పచ్చదనం మధ్య, గుంట పక్కనే, ఒకే ఒక్క గోధుమ మొక్క నిటారుగా నిలబడి ఉంది.

"ఏమిటిది నెస్టర్?"

నెస్టర్ జేబులోంచి ఒలేనా కత్తెర తీసి స్టెఫానియా చేతిలో పెట్టాడు.

"కోత ఎప్పుడన్నావు కదా తల్లీ. ఇవాళే."