ముప్పై పాచి నోళ్ళు

మా ఊరి ఆశా కార్యకర్త పూలక్క. పన్నెండేళ్ళుగా ఆమె పలకరింపు ఒక్కటే: "పళ్ళు తోముకున్నరా?" బడికెళ్ళే పిల్లలనైనా, కట్టెలకు అడవికి పోయే పెద్దవాళ్ళనైనా దారిలో ఆపి నోరు తెరిపించేది. ఆమె పోరు పడలేక ఊరంతా తెల్లారకముందే వేపపుల్లలు నమలడం మొదలుపెట్టింది.

అలాంటి పూలక్కకు ఈ వేసవిలో తిరకాసు పని వచ్చిపడింది. చిగుళ్ళ సందుల్లో కంటికి కనబడని పరాన్నజీవులు ఉంటాయట. ఎంతమందికి ఉన్నాయో, అందరివీ ఒకటే రకమో, వడ్లలో లాగా పలు రకాలో తేల్చడానికి పట్నం నుంచి పరిశోధన చేసే ఆరాధన మేడం వాళ్ళు జీపులో వచ్చారు. ఒప్పుకుని నోరు తెరిచేవాళ్ళు ముప్పై మంది కావాలి. అంతమంది దొరికిన ఊరికే తర్వాత పళ్ళ డాక్టరు వస్తాడు. మాకు పన్ను నొప్పి పుడితే భద్రాచలం బస్సెక్కాల్సిందే. ఎలాగైనా ఆ డాక్టరును రప్పించాలని పూలక్క పట్టుబట్టింది.

"రేపు ఎవరూ పళ్ళు తోమొద్దు," అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

పొద్దున్నే ముప్పై ఎనిమిది మంది వచ్చారు. పేర్లు రాయడం నా పని. చూస్తే అందరి పళ్ళూ తళతళా మెరుస్తున్నాయి.

"తోమొద్దని చెప్పిన గదా!" పూలక్క నెత్తి కొట్టుకుంది.

"పట్నపోళ్ళు నోట్ల తొంగిచూస్తరంటే పాచి నోరెట్ల చూపిస్తమే?" అంది బాలి పెద్దమ్మ. "నేనైతే బొగ్గుతోటి రెండుసార్లు తోమిన. నీ పరువు కోసమే."

తోమిన నోట్లో ఆ జీవులు సరిగా దొరకవట. మేడం నవ్వు ఆపుకుంటూ, ఇంకొక్క రోజు చూస్తామంది. కుదరకపోతే వేరే ఊరికి పోవాలి.

మర్నాడు తోమకుండానే వచ్చారు. కానీ పాచి నోటితో పరాయివాళ్ళ ముందు మాట్లాడేదెవరు? పేరడిగితే కొంగు అడ్డం పెట్టుకుని తలలూపారు. బొజ్జయ్య తాత మూతికి తువ్వాలు చుట్టుకుని వేళ్ళతో వయసు చూపించాడు. నేనూ పెదాలు బిగించుకునే రాస్తున్నాను.

పూలక్క అందరినీ ఒకసారి చూసి, వెళ్ళి మేడం ముందు కుర్చీలో కూర్చుంది.

"అవ్, నాదీ పాచి నోరే! పన్నెండేండ్లల్ల మొదటిసారి. చూడుండ్రి!" అని నోరంతా తెరిచింది.

బొజ్జయ్య తాత తువ్వాలు జారిపోయింది. "మొన్నటిదాక మమ్ముల తిట్టిన నోరేనా గిది?"

"తిట్టి తిట్టి అలిసింది. నువ్వు రా తాతా, నీకున్న మూడు పళ్ళు నేను చూడనివా ఏంది!"

ఆ నవ్వులకు కొంగులు తొలగాయి. తెరుచుకున్న నోళ్ళు మళ్ళీ మూసుకోకముందే మేడం చిగుళ్ళ సందుల్లోని పాచి గీకి తీసుకుని పని కానిచ్చింది. ఎనిమిదిన్నరకు ముప్పై నాలుగయ్యాయి.

మేడం పూలక్క నోట్లోంచి తీసినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూపించింది. చిన్న మచ్చ ఒకటి ఒళ్ళు సాగదీసుకుంటూ మెల్లగా కదులుతోంది.

"నా నోట్లదా ఇది? గింత తోమినా?"

"శుభ్రంగా ఉండేవాళ్ళలోనూ కొందరికి ఉంటాయక్కా. ఏ రకమో జన్యు పరీక్షలో తెలుస్తుంది."

పూలక్క చాలాసేపు చూసింది. "మంచి రకమే అయ్యుంటది," అంది. "నన్ను ఇన్నేండ్లు ఓర్చుకుంది గదా."

వచ్చే బుధవారం పళ్ళ డాక్టరు వస్తాడని చెప్పి మేడం జీపెక్కింది.

"మరి ఆ రోజు తోముకొని రావాల్నా, ఒద్దా?" బాలి పెద్దమ్మ అరిచింది.

పూలక్క అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బోరింగు వైపు ఉరుకుతోంది. "ముందు నన్ను తోముకోనియ్యి పెద్దమ్మా!"